నేను వచ్చేదాకా ఆగవలెను

శిరివెళ్ల దాటాక బస్సు మళ్ళీ ఆగింది. యుద్ధం వచ్చి పెట్రోలు మింగేశాక నంద్యాల ఆళ్లగడ్డల మధ్య తిరిగేవన్నీ బొగ్గు బస్సులే. వెనక కట్టిన డ్రమ్ములో నిప్పు సన్నగిల్లితే ఎక్కడున్నది అక్కడే కూలబడతాయి. క్లీనరు దిగి బొగ్గులు కుక్కుతున్నాడు. జనం దిగి తుమ్మచెట్ల నీడ వెతుక్కున్నారు. నంద్యాల మిషను పాదిరి జ్ఞానప్రకాశం అయ్యగారు మాత్రం దిగలేదు. ఒళ్ళో కాగితాల కట్ట, దానిమీద రెండు చేతులూ పెట్టుకుని, కిటికీలోంచి నల్లరేగడి చేలవైపు చూస్తూ రెండే రెండు మాటలు నోట్లో తిప్పుకుంటున్నాడు. తప్పు నాది. గ్రీకు వచ్చు, హెబ్రీ వచ్చు, బెంగుళూరులో దైవశాస్త్రం చదివిన రోజుల్లో దొరల ముందు గంటసేపు కాగితం చూడకుండా లాటిను వాక్యాలు అప్పజెప్పిన నోరు అది. ఈ రెండు మాటలకు మాత్రం తిరగడం లేదు. ఇంకో గంటలో ఆళ్లగడ్డ వస్తుంది. ఊరి బయట పేట వస్తుంది. అక్కడ పేట బడి, ప్రార్థన చూసుకునే ఉపదేశి సంజీవయ్య నిలబడి ఉంటాడు, పేట జనమంతా నిలబడి ఉంటారు, వంక గట్టున ఏడు కొత్త మట్టికుప్పలు ఉంటాయి. అందరి ముందూ ఆ మాట అనాలి. అంటే సంజీవయ్య నెత్తిమీది బండ దిగుతుంది, అనకపోతే దిగదు. ఇంతే సంగతి, దీనికి గ్రీకు అక్కర్లేదు.

ఏడుగురు. పేర్లు వరసగా రాసి నిన్న ఉత్తరం పంపాడు సంజీవయ్య, పిల్లలకు పలకమీద రాసిచ్చినట్టు గుండ్రటి అక్షరాలతో. ఆరుగురి పేర్లున్నాయి. ఏడో చోట "రూతు బిడ్డ, ఇరువది రెండు దినములది" అని మాత్రం ఉంది. పేరు బాప్తిస్మం రోజున పెట్టాలి గదా. బాప్తిస్మం కాలేదు, పేరూ లేదు. రూతు సంజీవయ్య కూతురు, పురిటికి పుట్టింటికి వచ్చింది. మిగతా ఆరుగురూ కొత్తగా విశ్వాసంలోకి రాబోతున్నవాళ్ళు, రెండేళ్ళుగా బాప్తిస్మానికి కాచుకుని ఉన్నవాళ్ళు. రెండేళ్ళు ఎందుకు పట్టిందయ్యా అంటే అయ్యగారే పట్టించాడు. రెండుసార్లు వెళ్ళి పరీక్ష చేశాడు. విశ్వాస ప్రమాణం గడగడా చెప్పారు, అర్థం అడిగితే నీళ్ళు నమిలారు. ఇంకా పక్వానికి రాలేదని రెండుసార్లూ వాయిదా వేసి వచ్చాడు. వాంతిబేదికి పక్వంతో పని లేదు, పదకొండు రోజుల్లో పని ముగించుకుని పోయింది. ఉత్తరం చివర ఒక్కటే ప్రశ్న: చనిపోయినవారు యాడ ఉన్నారని జనము అడుగుతాండారు, నేనేమి చెప్పవలెనో సెలవియ్యవలెను.

ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. అదే చిత్రం, తెలియక కాదు. బాప్తిస్మానికి కాచుకుని ఉండగానే చచ్చిపోయినవాళ్ళు ఆదిసంఘంలో ఎంతమంది లేరు, వాళ్ళ కోరికే వాళ్ళకు బాప్తిస్మం అని పెద్దలు తేల్చి పదిహేను వందల ఏళ్ళు దాటింది. కాబట్టి ఆరుగురూ దేవుడి దగ్గరే ఉన్నారు, బెంగ వద్దు. మరి పసిబిడ్డ? పసిబిడ్డకు కోరిక ఎక్కడిది? తల్లి కోరిక బిడ్డకు చెల్లుతుందా? చెల్లుతుందన్నవాళ్ళు ఒకరిద్దరున్నారు, వాళ్ళ వాదంలో ఒక లొసుగుంది, ఆ లొసుగును పూడ్చాలంటే... ఇదిగో, మళ్ళీ. రూతు ఒళ్ళోంచి బిడ్డను తీసుకుపోయి మట్టిలో పెట్టారు, ఈయన బస్సులో కూర్చుని గుడ్డుమీద ఈకలు పీకుతున్నాడు. తనమీద తనకే రోత పుట్టి కాగితాల కట్టను గట్టిగా అదిమాడు. ఆ కట్ట ఆయన పుస్తకం ప్రూఫులు. మద్రాసులో అచ్చవుతోంది. బాప్తిస్మం గురించి మూడొందల పేజీలు. తెలుగులో ఇంత శాస్త్రీయంగా ఎవరూ రాయలేదని దొరలే అన్నారు. అందులో నాలుగో అధ్యాయంలో ఉంది: ప్రాణాపాయ సమయమున ఏ విశ్వాసియైనను, మంత్రసానియైనను, నీళ్లుపోసి త్రియేక నామమున బాప్తిస్మమీయవచ్చును, అది చెల్లును. కింద ఆరు ఆధారాలు, మూడు భాషల్లో. వాంతిబేది తగిలిందని సంజీవయ్య మనిషి మొదటి ఉత్తరం పట్టుకొచ్చిన రోజున సరిగ్గా ఆ పేజీయే దిద్దుతున్నాడంటే వినడానికి బాగుంటుంది గానీ అబద్ధం. దాన్ని రెండు రోజుల ముందే దిద్దాడు. ఒక కామా తీసేశాడు.

బొగ్గు అంటుకుంది. జనం ఎక్కారు. పక్క సీటు పార్థసారథి, అహోబిలంలో కైంకర్యం చేసే ఇంటివాడు, నుదుటి నామం చెమటకు కారకుండా అద్దుకుంటూ వచ్చి కూర్చుని, ఇద్దరి మధ్య మడిచిపెట్టిన తువ్వాలును సరిచేసుకున్నాడు. నంద్యాల నుంచీ ఆ తువ్వాలు అక్కడే ఉంది. మర్యాదగా, నవ్వుతూ, అంటుకోకుండా.

"అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగుతాదా? ఈ బస్సును నమ్ముకుంటే సాయంత్రం ఆరాధనకు నేను అందినట్టే," అన్నాడు పార్థసారథి. తర్వాత కాగితాలవైపు చూశాడు. "ఏందప్పా అవి, అంత గట్టిగా పట్టుకోనుండారు?"

"నేను రాసిన పుస్తకమండీ. బాప్తిస్మం ఎవరివ్వొచ్చు, ఎట్లా ఇస్తే చెల్లుతుంది అని."

పార్థసారథికి నవ్వొచ్చింది. "మాకూ ఉంది ఆ తలనొప్పి. కోతిపిల్ల తల్లిని కరుచుకున్నట్టు భక్తుడే దేవుణ్ణి పట్టుకోవాలంటాం మేము. కాదు, పిల్లి తన కూనను నోట కరుచుకోని పోయినట్టు దేవుడే పట్టుకోని పోతాడంటారు అవతలి నామంవాళ్ళు. తాతముత్తాతల కాడ్నుంచి కొట్లాడతాండాం. ఆ కొట్లాటతో మోక్షానికి ఎంతమంది పోయినారో తెల్దు గానీ, కోర్టుకు మాత్రం శానామంది పోయినారు. అవునూ, మీదే ఊరు?"

"నంద్యాల."

"పుట్టిందీ ఆడేనా?"

"ఆ, అక్కడే."

ఇంత చిన్న అబద్ధం ఎందుకు? తువ్వాలు ఎట్లాగూ మధ్యలో ఉంది, అది ఈ మాటతో లేచిపోదు. పుట్టింది ఆళ్లగడ్డ పేటలో, వంకకు ఇవతల మూడో గుడిసెలో. నాయన రాళ్ళగనిలో బండ కింద పడి పోయాడు, అమ్మ ఆ ఏడే పోయింది. ఏడేళ్ళవాణ్ణి ఎవరు పెంచాలని పేట పేటంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, అప్పుడే కొత్తగా ఉపదేశిగా వచ్చిన సంజీవయ్య తీసుకుపోయి తన ఇంట్లో పడుకోబెట్టుకున్నాడు. ఇసకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు. నంద్యాల మిషను బోర్డింగు స్కూల్లో చేర్చడానికి రెండు రోజులు నడిపించుకుపోయాడు, నడిపించాడన్నది పేరుకే, సగం దారి భుజమ్మీదే. ఆ భుజం వాసన ఇప్పుడు బస్సులో ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది, చెమట, సున్నం, పాత బైబులు అట్ట. అంత చేసినవాణ్ణి ప్రేమించకుండా ఎట్లా ఉంటారు? ప్రేమించాడు. అయితే బాకీపడ్డవాడు ఎదురైతే పక్కసందులోకి తిరిగిపోయే మనిషి ప్రేమ అది. దానికితోడు అసూయ. అవును, అసూయే, దానికి ఇంకో మంచి పేరు మూడు భాషల్లోనూ దొరకలేదు. బెంగుళూరులో పంతులు పని ఇస్తామన్నా కాదని, శాస్త్రాన్ని ఎద్దుబండి ఎక్కించి పల్లెపల్లెకూ తిప్పుతానని పంతం పట్టి నంద్యాల వచ్చాడు గదా, సాయంత్రాలు పెట్రోమాక్సు దీపం కింద గంట గంటన్నర ప్రసంగించేవాడు. జనం బుద్ధిగా కూర్చునేవాళ్ళు, ఆవలింతలు కొంగుచాటున దాచుకునేవాళ్ళు. అంతా అయ్యాక సంజీవయ్య లేచి, "అయ్యగారు చెప్పిందేందంటే" అని మొదలుపెట్టి, నాలుగు ముక్కలు చెప్పి, ఒక కీర్తన ఎత్తుకునేవాడు. ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. మగవాళ్ళు కూడా. ఆ నాలుగు ముక్కల్లో ఒక్కటీ అయ్యగారు చెప్పింది కాదు. ఎన్నో ప్రసంగాలు అట్లా ఆ ముసలాయన చేతిలో ఏమైపోయాయో, తిరుగుదారిలో బండిలో కూర్చుని పళ్ళు కొరుక్కున్న సంగతి దేవుడికీ ఎద్దులకూ తెలుసు.

ఆ కసి పోయినేడు ఉపదేశుల పరీక్షలో తీరింది. ఏటా ఆగస్టులో ఇరవైముగ్గురు ఉపదేశులు నంద్యాల వస్తారు, బళ్ళో నేలమీద బారుగా కూర్చుంటారు, తలనెరిసినవాళ్ళు సైతం లేచి నిలబడి చేతులు కట్టుకుని జవాబు చెబుతారు. త్రిత్వాన్ని వివరించండి అన్నాడు. సంజీవయ్య లేచాడు. "నేనుండానయ్యా. రూతుకు నాయన్ను. మా నాయనకు కొడుకును. మీకు సేవకుణ్ణి. మనిషిని ఒక్కణ్ణే గదా. దేవుడూ అంతే." ఎంత సంతోషంగా చెప్పాడు, ముప్పైయేళ్ళుగా పల్లెల్లో ఆ మాటతోనే కదా నెగ్గుకొచ్చాడు. జ్ఞానప్రకాశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్కడే మూడు వేషాలు వేస్తాడనడం పదిహేడు వందల ఏళ్ళ కింద రోములో వెలివేసిన తప్పు, అది సముద్రాలు దాటి వచ్చి మన ఆళ్లగడ్డలో దాక్కుని ఇంకా బతికే ఉందన్నమాట, అన్నాడు. బడి బడంతా నవ్వింది. తనను మెచ్చుకున్నారనుకుని సంజీవయ్య కూడా నవ్వాడు. సాయంత్రం గోడకు అంటించిన కాగితంలో ఆయన పేరు ఎదురుగా తప్పినట్టు రాసి ఉంది. ఇకమీద ఈ ఉపదేశి పిల్లలకు పాఠాలు చెప్పవచ్చును గాని బాప్తిస్మము మొదలైన సంస్కారములను తాకరాదు అని ఉంది. అది చదువుకుని ఆయన అప్పుడు కూడా వచ్చి వందనాలు చెప్పి, జొన్నలు దంచి మూటగట్టి తెచ్చింది వరండాలో పెట్టి పోయాడు. తిట్టిపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

మొదటి ఉత్తరం తెచ్చింది పుల్లన్న. బాప్తిస్మానికి కాచుకున్న ఆరుగురిలో ఒకడు. తెల్లవారేసరికి మిషను బంగళా వరండా ముందు నిలబడి ఉన్నాడు, రాత్రంతా నడిచి వచ్చిన కాళ్ళతో. పేటలో వాంతిబేది తగిలిందని అతను అనడం, మెట్టు దిగబోతున్న అయ్యగారు ఆ మెట్టుమీదే ఆగిపోవడం. ఉత్తరం ఆ గోడమీద పెట్టు, అన్నాడు. అతను దూరం జరిగాక వెళ్ళి రెండు వేళ్ళతో తీశాడు. చిన్నప్పుడు ఆళ్లగడ్డ అంగట్లో కోమటి బెల్లమ్ముక్క అరుగుమీద పెట్టి జరిగి నిలబడేవాడు, అది తీసుకున్న వేళ్ళు ఇవే. బాప్తిస్మము అడుగుతాండారు, నేను ఈయవచ్చునా, ఏమి సెలవు, అని ఉంది. ఈయవచ్చును. ఒక్క మాట. నాలుగో అధ్యాయం. కానీ ఆ కలం పట్టుకున్నప్పుడు కళ్ళముందు కనిపించింది చస్తున్న జనం కాదు; నీళ్ళ ముంత పట్టుకున్న సంజీవయ్య, చుట్టూ ఏడుస్తున్న పేట, ఆయన చేతులమీదుగా ఆరుగురు, పదిమంది, ఇరవైమంది, ఇన్నాళ్ళూ తాను పక్వానికి రాలేదన్నవాళ్ళు అందరూ ఒక్కపూటలో. శంఖంలో పోస్తే గాని తీర్థం కాదన్నట్టు, ఆ శంఖం తన చేతిలోనే ఉండాలనిపించింది. ఉత్తరం వెనకే రాశాడు: నేను వచ్చేదాకా ఆగవలెను. పుల్లన్న తాగడానికి నీళ్ళడిగాడు. దారిలో కాలువ ఉంది గదా అన్నాడు అయ్యగారు. పోనీ తానైనా వెంటనే పేటకు వెళ్ళాడా అంటే అదీ లేదు. సూది వేయించుకున్నాడు, ప్రూఫులు దిద్దాడు, తగ్గుముఖం పట్టిందని ఆరోగ్యశాఖ మనిషి చెప్పేదాకా తొమ్మిది రోజులు బంగళా దాటలేదు. భయం. చావు భయం. పునరుత్థానం మీద రెండొందల ప్రసంగాలు చేసినవాడికి. పట్టీలో పుల్లన్న పేరు మూడోది.

ఆళ్లగడ్డ కనబడుతోంది. పార్థసారథి తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, పుస్తకం అచ్చయినాక ఒక ప్రతి కొండకు పంపించండి, మీవాళ్ళ కొట్లాట కూడా చూస్తాం, అన్నాడు. జ్ఞానప్రకాశం కాగితాల కట్టను సంచిలో పెట్టుకుని దిగాడు. శిల్పుల కొట్టాల్లో ఉలి దెబ్బలు టంగు టంగుమంటున్నాయి, ఎండ నెత్తిన మోదుతోంది. నడుస్తున్నకొద్దీ మనసు తేలికపడింది. చెప్పేస్తాను. నేనే ఆగమని రాశాను, ఈయనకు ఏ పాపం లేదు, ఈయన నా మాట విన్నాడు, తప్పు నాది. మోకాళ్ళమీద పడమన్నా పడతాను. పడాలనే ఉంది, నిజంగా ఉంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ నీళ్ళు ఆయనకు చాలా నచ్చాయి.

పేట జనం గుడిసెల ముందు కూర్చుని ఉన్నారు. ఏడవడం అయిపోయింది వాళ్ళకు. సంజీవయ్య ఎదురొచ్చి వందనాలయ్యా అన్నాడు. సగమైపోయాడు మనిషి. వెనక రూతు నిలబడి ఉంది, ఇరవయ్యేళ్ళ పిల్ల. రవిక ముందుభాగం తడిసి ఉంది, పాలింకా ఆగలేదు. జ్ఞానప్రకాశం గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు విప్పేలోపు పేట పెద్ద దావీదు లేచాడు.

"మీరు ఊర్లో లేరంట గదయ్యా. పుల్లన్న వచ్చి తలుపు కొట్టి కొట్టి తిరుక్కోనొచ్చినాడని ఉపదేశి చెప్పె. మీరుంటే ఇట్ల కాకపోవు."

జ్ఞానప్రకాశం సంజీవయ్యవైపు చూశాడు. ఆయన నేల చూస్తున్నాడు. అంటే చెప్పలేదు. ఆ కాగితం ఎవరికీ చూపలేదు, పుల్లన్న చెప్పడానికి లేడు. అయ్యగారి పేరు పేటలో చెడకూడదని ముసలాయన తనకు చేతనైన అబద్ధం ఆడి పెట్టాడు. ఎవరికీ తెలియదు. ఆ మాట ఒంట్లో చల్లగా దిగింది, ఎండలో నడిచొచ్చినవాడికి కుండలో నీళ్ళు దిగినట్టు. ఎవరికీ తెలియదు.

రూతు ముందుకొచ్చింది. "అయ్యగారూ, ఒగ మాట అడగాల. అధికారం లేదని మా నాయన ముంత ముట్టుకోలే. మా నాయన చేత్తో పోసింటే చెల్లుతాండెనా, చెల్లకపోవునా? చెల్లదంటే చెల్లదని చెప్పండి. నేను ఊరుకుంటా."

చెల్లదని ఒక్క అబద్ధం చెబితే తండ్రి మిగులుతాడు ఆ పిల్లకు. నిజం మొత్తం చెప్పినా మిగులుతాడు. సంజీవయ్య తల ఎత్తి చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, కాచుకోవడం ఉంది. జ్ఞానప్రకాశం నోరు తెరిచాడు. మాటలు ఎక్కడా తడబడలేదు, బళ్ళో చెప్పినంత స్పష్టంగా వచ్చాయి.

"చెల్లేదమ్మా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ విశ్వాసి ఇచ్చినా చెల్లుతుంది. ఆ సంగతి ఉపదేశికి తెలిసి ఉండాలి."

రెండో సగం ఇక చెప్పాలి. ఇప్పుడే. సంజీవయ్య దానికోసమే చూస్తున్నాడు. ఉలి దెబ్బలు ఇక్కడికీ వినబడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాక్యం బాగా కుదిరిందని లోపల ఎక్కడో ఒక సంతోషం కూడా కలిగింది, సిగ్గులేని సంతోషం.

రూతు తండ్రివైపు తిరిగింది. "నీకు తెల్దా నాయనా?"

సంజీవయ్య అయ్యగారి ముఖం ఇంకాసేపు చూశాడు. తర్వాత చూడడం మానేశాడు. "తెల్లేదమ్మా," అన్నాడు.

"ముప్పైయేండ్లు ఆ బుక్కు మోస్తివి గదా. నా బిడ్డ నీ ఒళ్ళోనే గదా పాయ. పక్కన కడవ నిండా నీళ్ళుండ్య." ఆ పిల్ల అరవలేదు, అరిచి ఉంటే ఎవరో ఒకరు పట్టుకుని ఊరడించేవాళ్ళు. "పేరన్నా పెట్టి పంపింటివి కాదు. నా కండ్లకు కనపడాకు. నేను సచ్చినా నన్ను ముట్టుకోవాకు." అని గుడిసెలోకి పోయి తడిక వేసుకుంది. దావీదు నేలమీద ఉమ్మేసి కదిలాడు. ఒక్కొక్కరూ లేచారు. పోతూ పోతూ అయ్యగారికి దండం పెట్టారు, సంజీవయ్యకు ఒకరూ పెట్టలేదు. కొద్దిసేపట్లో వాకిట్లో వాళ్ళిద్దరే మిగిలారు. ఇప్పుడైనా అనొచ్చు, ఒక్కడికైనా అనొచ్చు. జ్ఞానప్రకాశం పెదవులు తడుపుకుని, తిరిగిపోయే బస్సు ఎన్నింటికి అని అడిగాడు.

"నాలుగింటికయ్యా. అది తప్పితే మళ్ళ రేపే." సంజీవయ్య కండువా నెత్తిన కప్పుకుని చెయ్యి చాపాడు. "ఎండ జాస్తిగా ఉంది. పాండి, తోడొస్తా. ఆ సంచి ఇట్లియ్యండి."

జ్ఞానప్రకాశం సంచి ఇచ్చాడు.